పొగ పెట్టిన అరటిపండు మంచిదా, గ్యాసు పెట్టింది మందుదా?

లంకరైతు: మాది రావులపాలెం పక్క ఊరు. గ్యాసు చాంబర్‌లో మగ్గేసిన పండని తెలిసి ఒకాయన కొన్న అత్తం తిరిగిచ్చేశారు. "పొగ పెట్టి మగ్గేస్తే అదండీ పండంటే" అన్నారు. నేనేమో రెండింటిలోనూ కాయని పండించేది ఇథిలీన్ అనే వాయువే అంటాను. మీరేమంటారు?

గోదారిగట్టు: ఒప్పుకోనండి. గదిలో గెలలు పేర్చి, తలుపు సందులు మట్టితో మెత్తి, పిడకల పొగ పెట్టేవారు మా తాతగారు. సిలిండర్ గ్యాసూ అదీ ఒకటెలా అవుతాయండీ?

చక్రకేళి: అవుతాయండి. కాలిఫోర్నియాలో నిమ్మకాయలకి రంగు రావాలని గదుల్లో కిరసనాయిలు పొయ్యిలు పెట్టేవారు. రంగు తెచ్చేది వేడే అనుకున్నారు. పొగ లేకుండా వేడి ఒక్కటే ఇస్తే కాయ పచ్చగానే ఉండిపోయింది! అసలు పని పొగలోని ఇథిలీన్‌దని డెన్నీ అనే ఆయన 1924లో తేల్చారు. పండు తనంతట తానే ఆ వాయువుని వదులుతుందని 1934లో గేన్ నిరూపించారు. బియ్యం డబ్బాలో పెట్టిన మామిడికాయ తొందరగా పండేది అందుకే, వాయువు బయటికి పోదు కదా.

అమలాపురం: గ్యాసంటే కార్బైడే కదండీ? టీవీలో చూసి పిల్లలకి పెట్టాలంటే టెన్షన్.

లంకరైతు: అందరూ కలిపేసేది ఇక్కడేనమ్మా. కార్బైడ్‌కి తడి తగిలితే వచ్చేది ఎసిటిలీన్, వెల్డింగ్ షాపులో మండించేది. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఛాయలు ఉంటాయి, అందుకే పండ్లకి వాడటం నిషేధం. ఇథిలీన్ గ్యాసుకి మాత్రం కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల వంతుల్లో 100 వంతుల వరకు, అనుమతి ఇచ్చింది. ఎథెఫాన్ మందు నీళ్లలో గెలలు ముంచి తీస్తారే, దానికి అనుమతి లేదు. పట్టుకుంటే అదీ, కార్బైడూ పట్టుకోవాలి, చాంబర్‌ని తిట్టి ఏం లాభం?

గోదారిగట్టు: మరి రుచి ఎందుకు తేడా చెప్పండి!

చక్రకేళి: మీ తాతగారు మగ్గేసింది ఏ కర్పూరమో, అమృతపాణో అయ్యుంటుంది. చాంబర్‌కి ఎక్కువగా వెళ్లేది గ్రాండ్‌నైన్. రకమే వేరైతే రుచి ఒకటెలా ఉంటుందండీ? పైగా తయారవని గెల నరికేస్తే పొగ పెట్టినా గ్యాసు పెట్టినా చప్పగానే ఉంటుంది, తీపిగా మారడానికి కాయలో పిండి ఉండాలి కదా. గ్రాండ్‌నైన్‌కి ఇంకో తిక్క ఉంది. 24 డిగ్రీలు దాటిన వేడిలో మగ్గితే లోపల మెత్తబడినా తొక్క సరిగా పసుపు రాదు. చాంబర్‌లో ఏసీ ఉండేది అందుకే. మనం పచ్చగా ఉందని పక్కన పెట్టేసేది ఒక్కోసారి పండే.

గోదారిగట్టు: ఎన్ని చెప్పినా నేను కర్పూరమే కొంటాను. పొగ పెట్టే కొట్టు ఎక్కడైనా ఉంటే చెప్పండి.

లంకరైతు: కనుక్కుని చెప్తానండి. పొగ గదిలోకి మాత్రం తలుపు తీసిన వెంటనే వెళ్లిపోకండి, అందులో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది.