సమస్య: కాలు లేనివాడు కదము తొక్కె

ఆటవెలది పాదం ఇది, దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. ఈసారి వస్తువు ఆంగ్ల రచయిత సి.ఎస్. ఫారెస్టర్ నౌకాదళ నవలల్లోని లెఫ్టినెంట్ బుష్, కథానాయకుడు హార్న్‌బ్లోయర్ పక్కన ఎప్పుడూ ఉండే ఆ నమ్మకస్తుడు. 1810లో స్పెయిన్ తీరాన రోసస్ దగ్గర సదర్లాండ్ ఓడ ఒక్కటే నాలుగు ఫ్రెంచి ఓడల మీద పడ్డ పోరులో బుష్ కాలి పాదం పోయింది కదా, అక్కణ్ణించి అందుకోండి.

పూరణ 1
రణము నందు గుండు రక్కసై పాదము
కొరికి వేయ బుష్షు కుంగలేదు
కొయ్యకాలు తొడిగి కొలువు వీడక నిల్చి
కాలు లేనివాడు కదము తొక్కె

– ధార బాగుందండీ. 'పాదము' తర్వాత ద్రుతం (నకారం) ఉంది కాబట్టి 'గొరికి' అనాలి, యతికేం ఇబ్బంది లేదు. కానీ కొయ్యకాలు ఎవరైనా తొడుక్కుంటారు, బుష్ పేరు తీసేస్తే ఇది ఏ సైనికుడికైనా సరిపోతుంది, అదే నాకు వెలితిగా ఉంది.

పూరణ 2
నాయకుండు మదిని వేయి యెత్తులు పన్న
నెరపి చూపు టొకటె నేర్చినాడు
మాటమీద నిలుచు మనిషి, సొంతపు పథ
కాలు లేనివాడు కదము తొక్కె

– అబ్బ, 'పథకాలు' అని విరిచారా! మొదటి పాదంలో ప్రాసయతి (నాయ–వేయి) కూడా చక్కగా పడింది. 'పథకములు' అనాలని పట్టుబట్టేవాళ్లుంటారు, నేను పట్టుబట్టను.

– నాకో అభ్యంతరం అక్కా, సొంత పథకాలు లేవంటే బుర్ర లేదనా? రినౌన్ ఓడలో బుషే సీనియర్, సమనా కోట మీద రాత్రి దాడికి ఆలోచన హార్న్‌బ్లోయర్‌ది అయినా దళాన్ని నడిపింది బుష్, ఆ తర్వాత అదే కుర్రాడు తన పైవాడైతే ఒక్క పిసరు అసూయ లేకుండా లిడియా ఓడలోనూ సదర్లాండ్‌లోనూ ఫస్ట్ లెఫ్టినెంట్‌గా చేశాడు, అది చేతకానివాడు చేసే పని కాదు. పైగా 'సొంతపు'లో 'పు' గణం కోసం వచ్చి కూర్చున్నట్టుంది.

పూరణ 3
బుష్షుకు కాలు పోయె…

– తమ్ముడూ ఆగు, 'బుష్షుకు' భగణం (గురువు, రెండు లఘువులు), ఇక్కడ సూర్యగణం (గలమో నగణమో) రావాలి. 'బుష్షు కాలు పోయె' అను, సరిపోతుంది, మిగతాది పూర్తిచేసి పెట్టు.

– రెండో పూరణ నాదే. తమ్ముడు చెప్పింది నిజం, తనకంటే చిన్నవాడి తెలివిని ముందుగా గుర్తుపట్టి దానికి కట్టుబడ్డాడు కాబట్టే నాకు బుష్ అంటే అంత ఇష్టం, అది పద్యంలో పలకలేదు. మూడో పాదం ఇలా మార్చా:
మాటమీద నిలుచు మనిషి, వేరే పథ

– 'వేరే'తో గణమూ కుదిరింది, ఆ 'పు' కూడా పోయింది. ఇప్పుడు బుషే కనిపిస్తున్నాడు.