‘ప్రయర్స్’ అంటే ముందే పెట్టుకున్న అభిప్రాయాలేనా?

ప్రశ్న:
ఇంగ్లిష్ వ్యాసాల్లో ‘మై ప్రయర్స్’, ‘అప్‌డేట్ యువర్ ప్రయర్స్’ అని తరచూ కనిపిస్తోంది. ప్రీకన్సెప్షన్ అనే పాత మాట ఉండగా ఇదెందుకు? అనువాదంలో ‘దురభిప్రాయాలు’ అని రాయొచ్చా?

జవాబు:
దురభిప్రాయం వద్దండీ, అర్థం చెడిపోతుంది. ప్రీకన్సెప్షన్ అంటే సరిగా తెలుసుకోకుండానే ఒక నిర్ణయానికి వచ్చేశారన్న నింద కొంత ధ్వనిస్తుంది. ప్రయర్‌లో అది లేదు. ఇది సంభావ్యతా శాస్త్రం మాట. ఇంగ్లండ్ గణితజ్ఞుడు థామస్ బేయస్ రాయగా, ఆయన మరణానంతరం 1763లో అచ్చయిన వ్యాసంతో మొదలైన ఆలోచన. కొత్త ఆధారం చూడకముందు ఒక విషయం నిజమయ్యే అవకాశం ఎంత అనుకున్నామో అదే ప్రయర్. ఆధారం చూశాక సవరించుకున్న అంచనా పోస్టీరియర్.

లెక్క వేస్తే దీని బలం తెలుస్తుంది. ఒక పరీక్ష జబ్బున్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో 9 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది అనుకుందాం. జబ్బు 1 శాతం మందికే ఉంటే, 1000 మందిలో రోగులు 10 మంది, వాళ్లలో పాజిటివ్ 9. మిగతా 990 మందిలో తప్పుడు పాజిటివ్‌లు సుమారు 89. అంటే మొత్తం 98 పాజిటివ్‌లలో నిజమైనవి 9, కాబట్టి పాజిటివ్ వచ్చినా జబ్బున్న అవకాశం 9 శాతమే. అదే జబ్బు 30 శాతం మందికి ఉన్నచోట ఇదే ఫలితానికి ఆ అవకాశం 81 శాతం. పరీక్ష మారలేదు, ప్రయర్ మారింది.

ఇంకో జవాబు:
అజంప్షన్‌తోనూ కలపకండి. అజంప్షన్‌ను వాదన కోసం పూర్తిగా నిజమనుకుని ముందుకెళ్తాం. ప్రయర్‌కు పాళ్లుంటాయి: 5 శాతం కావచ్చు, 80 శాతం కావచ్చు. అంచనా సవరించేటప్పుడు ప్రయర్‌ను ఆధారం బలంతో గుణిస్తాం కాబట్టి, సున్నా పెట్టుకుంటే మాత్రం ఎంత ఆధారం వచ్చినా గుణిస్తే సున్నాయే, అంచనా ఇక కదలదు. అందుకే అసాధ్యమని తర్కం తేల్చినవాటికి తప్ప సున్నా పెట్టకూడదంటారు.

అనువాదకులు బోల్తాపడే చోటు ఒకటుంది. అమెరికా పోలీసుల భాషలో ‘హి హ్యాజ్ ప్రయర్స్’ అంటే అతనికి పాత నేరచరిత్ర ఉందని. అంచనాలతో దానికి సంబంధమే లేదు.

ప్రశ్న అడిగినవారు:
మరి ‘స్ట్రాంగ్ ప్రయర్ అగైన్‌స్ట్ ఇట్’ అంటే?

జవాబు:
‘అది నిజం కాదనే ముందునుంచీ గట్టిగా అనుకుంటున్నాను, చిన్నాచితకా ఆధారాలు చాలవు’ అని విడమరిచి రాయండి. గణాంకాల పాఠంలో ‘పూర్వ సంభావ్యత’ సరిపోతుంది. మామూలు వ్యాసంలో అది బరువైన మాట, ‘తొలి అంచనా’ హాయిగా చదువుకోవచ్చు. ‘అప్‌డేట్ యువర్ ప్రయర్స్’కు ‘అంచనా సవరించుకోండి’ చాలు.