కొత్తది కనిపెట్టాల్సిన టీమ్‌లో పద్ధతి మనుషులు మొదటి రోజు నుంచే ఉండాలా, తర్వాత రావాలా?

తెల్లకాగితం:
ఆరుగురి టీమ్, పన్నెండు వారాల గడువు. పాతదాన్ని మెరుగుపరచడం కాదు, ఇంతవరకూ లేని వస్తువు తేవాలి. నా వాదన ఇది: మొదటి నాలుగు వారాలు ఊహించేవాళ్లే కూర్చోవాలి. పద్ధతి మనుషులు, అంటే లెక్కలు, నాణ్యత, చెక్‌లిస్టులు చూసేవాళ్లు, ఐదో వారంలో రావాలి.

పుట్టీపుట్టని ఆలోచనను పట్టుకుని "ఖర్చెంత? దీన్ని ఎలా టెస్ట్ చేస్తాం?" అని అడిగితే జవాబుండదు. జవాబు లేకపోవడాన్నే లోపంగా లెక్కేసి దాన్ని పక్కన పడేస్తారు. బ్రెయిన్‌స్టార్మింగ్‌ను ప్రచారంలోకి తెచ్చిన అలెక్స్ ఆస్‌బార్న్ పెట్టిన నాలుగు నియమాల్లో తీర్పును వాయిదా వెయ్యమన్నది ఇందుకే. 2011లో ఎల్లా మిరాన్-స్పెక్టర్, మిరియం ఎరెజ్, ఈటన్ నవే 41 టీమ్‌లను పరిశీలించారు. వివరాల మీద పట్టుదల ఉన్న సభ్యులను చేర్చుకోవడం టీమ్ తెచ్చే సమూల నవ్యతను, అంటే పూర్తిగా కొత్తదాన్ని తేవడాన్ని, దెబ్బతీస్తుందని అందులో తేలింది. ఇంకా మొదటి రోజు నుంచే వాళ్లు ఎందుకు?

కొలబద్ద:
తెల్లకాగితం గారు, ఆ పరిశోధనలో సగమే చెప్పారు. సృజనశీలురతో పాటు నలుగురితో కలిసి నడిచే సభ్యులు ఉండటం సమూల నవ్యతను పెంచిందని కూడా అందులోనే ఉంది. సృజనశీలురు పని మీద వాదనలు పెంచుతారు, ప్రమాణాలను పెద్దగా పట్టించుకోరు. కలుపుకుపోయేవాళ్లు ఆ వేడి తగ్గించి పనిని నిలబెడతారు. మీరు "పద్ధతి మనుషులు" అన్న ఒక్క మాట కింద కలుపుకుపోయేవాళ్లు, వివరాల మనుషులు అనే రెండు వేర్వేరు రకాలను కట్టేశారు. మొదటి రకాన్ని నాలుగు వారాలు బయట ఉంచితే నష్టం మీకే.

రెండో రకాన్ని కూడా నేను బయట పెట్టను. చేతిలో పట్టుకునే పరికరం ఒకటి తయారు చేస్తున్నారనుకోండి. బరువు పెరగకూడదని 3.7 వోల్టుల, 2000 మిల్లీయాంప్-అవర్ల బ్యాటరీ ఖాయం చేశారు. అందులో ఉండేది 7.4 వాట్-అవర్లు. ఎనిమిది గంటలు నడవాలంటే సగటు వాడకం 0.9 వాట్ల దగ్గర ఆగాలి. ఎప్పుడూ వెలిగే తెర, ఆగకుండా పనిచేసే రేడియో కలిసి 1.5 వాట్లు లాగితే ఐదు గంటలు కూడా రాదు. ఈ లెక్కకు పట్టేది రెండు నిమిషాలు. మొదటి రోజే బోర్డు మీద ఉంటే ఊహలన్నీ "తెర లేకుండా ఎలా?" అన్న వైపు తిరుగుతాయి, అసలు కొత్తదనం అక్కడే దొరుకుతుంది. ఐదో వారంలో తెలిస్తే తెర చుట్టూ అల్లిన నాలుగు వారాల పని పోతుంది.

ముడిసరుకు:
మీరిద్దరూ మనుషుల గురించి కొట్లాడుతున్నారు. నాకు కనిపించే తప్పు సమావేశం జరిగే తీరులో ఉంది. నోటితో చెప్పుకునే సమావేశంలో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. మిగతా ఐదుగురు తమ ఆలోచనను మరిచిపోకుండా పట్టుకుని కూర్చుంటారు, కొత్తది ఆలోచించడం ఆగిపోతుంది. 1958లో యేల్‌లో టేలర్, బెర్రీ, బ్లాక్ చేసిన ప్రయోగంలో కలిసి కూర్చున్న నలుగురి కంటే విడివిడిగా రాసిన నలుగురి జాబితాలు కలిపితేనే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. దీనికి పెద్ద కారణం ఈ వంతు కోసం ఎదురుచూపేనని 1987లో డీల్, స్ట్రోబె చూపించారు. ఆ గదిలో ఎక్కువ నష్టపోయేది మాట్లాడే ముందు మనసులో సరిచూసుకునే మనిషి.

కాబట్టి నోరు మూసి రాయించండి. 1968లో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ ఇచ్చిన 6-3-5 పద్ధతి ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఆరుగురు, ఒక్కో కాగితంలో మూడు గడులు, ఐదు నిమిషాలు. తర్వాత కాగితం పక్కవారికి, వాళ్లు దాని కింద ఇంకో మూడు. ఆరు వంతులకు అరగంట, 108 గడులు.

ఇది చెడిపోయే చోట్లు కూడా తెలియాలి. ప్రశ్న వెడల్పుగా ఉంటే, ఉదాహరణకు "కస్టమర్‌కు ఏం చేద్దాం?" అని ఇస్తే, ఆరు కాగితాలూ ఒకే రకంగా నిండుతాయి. "మొదటిసారి తెరిచిన మనిషి రెండు నిమిషాల్లో పని పూర్తి చేయాలంటే ఏం తీసేయాలి?" అని బిగించండి. నాలుగో వంతుకు వచ్చేసరికి ఒక్కో కాగితంలో చదవాల్సినవి తొమ్మిది ఉంటాయి, అప్పుడు ఐదు నిమిషాలు చాలవు. అక్కడి నుంచి ఏడెనిమిది ఇవ్వండి. మొదటి వరుసలో వచ్చేవి అందరికీ తట్టేవే, వాటిని చూసి నిరాశపడి ఆపేయకండి. చివర్లో నచ్చిన ఆలోచన పక్కన చుక్క పెట్టి వేసే ఓట్లు అందరూ ఒకేసారి పెట్టాలి. టీమ్ లీడ్ చుక్క ముందు పడితే మిగతా చుక్కలు దాని పక్కకే చేరతాయి.

తెల్లకాగితం:
రాయించడం వరకు ఒప్పుకుంటాను. కలుపుకుపోయేవాళ్ల విషయంలో కొలబద్ద గారి మాట నిజం, నేను కలిపేయకూడదు. కానీ ఆ అరగంటలో వివరాల మనిషి ఏం రాస్తారు? పక్కవారి ఆలోచన కింద మూడు అభ్యంతరాలు రాస్తారు. కాగితం మీద ఉన్నా అది తీర్పే.

నాలుగోకాలు:
ఆ అభ్యంతరాన్ని ఆపొద్దు, దాని రూపం మార్చమనండి. "ఇది కుదరదు" అన్న వాక్యం గడిలో రాయకూడదు. బదులుగా "ఇది పనిచేయాలంటే ఫలానాది నిజం కావాలి" అని రాయాలి. "జనం రోజూ డేటా నింపరు" అన్నది తలుపు మూస్తుంది. "జనం రోజుకు ఒకసారైనా డేటా నింపాలి" అన్నది పరీక్షించదగ్గ ఊహ అవుతుంది. తెలివి అదే, దిశ మారింది.

ఆ ఊహలను నాలుగు గడుల పట్టికలో పెట్టండి: ఊహ, అది తప్పయితే ఏం కూలుతుంది, తేల్చే అతి చవక పరీక్ష, ఎన్ని రోజులు. పరీక్ష రెండు రోజులు దాటితే ఊహను ముక్కలు చేయండి. కూలితే అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేదాన్ని ముందు పరీక్షించండి. చాలా టీమ్‌లు తేలికైనవాటితో మొదలుపెడతాయి, ఆరు వారాలు విజయాలు చూసుకున్నాక అసలుది కూలుతుంది.

ఈ పరీక్షలకు మనుషులను జతలుగా వేయండి, మోటు నమూనా చేసేవారొకరు, కొలిచేవారొకరు. ఇక్కడ తరచుగా వచ్చే గొడవ ఒకటుంది. అట్టముక్కతో చేసిన నమూనాను చూసి కొలిచే మనిషి అంచులు సరిగా లేవంటారు. అందుకే నమూనా మీదే రాసి అంటించాలి: "ఇది ఒక్క ప్రశ్నకు జవాబు: ఒంటి చేత్తో పట్టుకోగలరా?" మిగతాదేదీ అడగరు. పరీక్షకు ముందే ఎంత వస్తే ముందుకు, ఎంత వస్తే ఆపాలో రాసిపెట్టుకోవాలి. పదిమందిలో ఏడుగురికి కుదరాలని ముందే రాసుకుంటే, ఐదుగురికే కుదిరినప్పుడు నమూనా చేసిన మనిషి "దాదాపు అయినట్టే" అనలేరు. తన నమూనా మీద ప్రేమ ఉన్నవారికి ఈ కాగితం చాలా అవసరం.

కొలబద్ద:
జతలు వేయడం బాగుంది. కానీ మనుషుల మీద ముద్రలు వేయకండి. మనుషులు సమస్యలను పరిష్కరించే శైలిని చూడటానికి 1976లో మైకేల్ కిర్టన్ తెచ్చిన కొలతలో స్కోర్లు 32 నుంచి 160 దాకా ఉంటాయి. తక్కువ వైపు ఉన్నవారు ఉన్న చట్రంలోనే మెరుగుచేస్తారు, ఎక్కువ వైపు ఉన్నవారు చట్రాన్నే మారుస్తారు. కిర్టన్ గట్టిగా చెప్పిన సంగతి, అది శైలి కొలతే తప్ప సామర్థ్యం కొలత కాదని. రెండు వైపులా సృజన ఉంటుంది. ఆఫీసుల్లో దాన్ని "ఇతను ఐడియా మనిషి, ఈమె లెక్కల మనిషి" అని మార్చేస్తారు. ఆ తర్వాత ఆమె చెప్పిన మంచి ఆలోచన ఎవరికీ వినిపించదు, అతని లెక్కల తప్పును ఎవరూ పట్టరు. పాత్రలను పనికి ఇవ్వండి, మనిషికి కాదు. రెండు వారాలకోసారి మార్చండి.

ముడిసరుకు:
వారం ఎలా నడవాలన్నది ఎవరూ అనలేదు. 2018లో బెర్న్‌స్టీన్, షోర్, లేజర్ ముగ్గురేసి గుంపులకు ఊళ్లన్నీ చుట్టి రావడానికి అతి చిన్న దారి కనిపెట్టే కష్టమైన లెక్క ఇచ్చారు. ఒకరి జవాబులు ఒకరికి ఎప్పుడూ కనిపించే గుంపుల్లో సగటు బాగుంది, గొప్ప జవాబులు తగ్గాయి. అసలు కనిపించని గుంపుల్లో సగటు తక్కువైనా గొప్పవి దొరికాయి. మధ్యమధ్యలో మాత్రమే చూసుకున్న గుంపులకు రెండు లాభాలూ దక్కాయి. పొద్దస్తమానం మోగే చాట్ గ్రూపు మొదటి స్థితి, నాలుగు వారాలు విడిగా ఉండటం రెండో స్థితి.

మూడు రోజులు విడిగా, నాలుగో రోజు పొద్దున రెండు గంటలు కలిసి. విడి రోజుల్లో సగం పని చూపించొద్దు. కలిసిన రోజున తీసుకున్న ప్రతి నిర్ణయానికి ఐదు వరుసల నోట్: ఏం తీసుకున్నాం, ఏం వదిలాం, ఎందుకు వదిలాం, ఏ ఊహ మీద, అది మారితే ఎవరు తిరిగి తెరవాలి. "ఎందుకు వదిలాం" అన్న వరుస లేకపోతే మూడో వారంలో వదిలినదాన్నే ఎనిమిదో వారంలో మళ్లీ మొదటి నుంచి వాదించుకుంటారు.

తెల్లకాగితం:
సరే, నా నాలుగు వారాల గోడను తగ్గిస్తున్నాను. మొదటి రోజు వివరాల మనిషి సగం పూట రావాలి, గట్టి హద్దులు చెప్పడానికి. ప్రతి హద్దు పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి: భౌతికశాస్త్రమా, చట్టమా, భద్రతా, డబ్బా, అలవాటా. బ్యాటరీ లెక్క భౌతికశాస్త్రం, ఉండాలి. "మన రిపోర్టులు ఎప్పుడూ నెలవారీగానే వెళ్తాయి" అన్నది అలవాటు, చెరిపేయాలి. తర్వాత వాళ్లు మూడో వారంలో, నాలుగోకాలు గారి పట్టిక మొదలయ్యేటప్పుడు తిరిగి రావాలి. మధ్యలో రెండు వారాలు ఊహించేవాళ్లకు వదలండి. దీనికంటే తగ్గను.

కొలబద్ద:
హద్దు పక్కన మూలం రాయడం నేనూ తీసుకుంటాను. "అలవాటు" అన్న ముద్ర కొట్టే ముందు ఆ అలవాటు ఎందుకు మొదలైందో ఒకరిని అడగండి. కొన్నిటి వెనుక అందరూ మరిచిపోయిన భద్రతా కారణం ఉంటుంది, దాన్ని గుర్తుంచుకునేది మీరు బయట పెట్టాలనుకుంటున్న మనిషే. అందుకే ఆ రెండు వారాల దగ్గర మనం కలవం. వాళ్లను గదిలో కూర్చోబెట్టకపోయినా నాలుగో రోజు నోట్ వాళ్లకు పంపండి, ఊహల పట్టికలో మాత్రమే రాయనివ్వండి. అది కూడా వద్దంటే మూడో వారంలో వాళ్లు రాగానే రాసే మొదటి ఊహకు రెండు రోజుల పరీక్ష చాలదు, అప్పటికి దాని మీద పది పనులు నిలబడి ఉంటాయి.