ఎథిక్స్ ట్రైనింగ్ పనిచేసిందో లేదో ఎలా తేల్చాలండీ?

మాది కోనసీమ. ప్రభుత్వ ఆఫీసులో క్లర్కుని. ఈమధ్య మా స్టాఫ్‌కి రెండు రోజులు నైతిక విలువల మీద ట్రైనింగ్ ఇచ్చారు, అది ఎంతవరకు పనిచేసిందో రిపోర్టు రాసే పని నా నెత్తిన పడింది.

చేతిలో ఉన్నవి ఫీడ్‌బ్యాక్ కాగితాలే. సరిగ్గా భోజనాల ముందు పంచారు, పులిహోర వాసన వస్తుంటే ఎవరు చదువుతారు, అందరూ 'చాలా బాగుంది' దగ్గర టిక్కు కొట్టేశారు. ఒకాయన పేరు రాయాల్సిన చోట కూడా టిక్కే పెట్టాడు!

ట్రైనింగ్ ఫలితాన్ని కొలిచే కిర్క్‌పాట్రిక్ పద్ధతి చదివాను: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం కనిపించిందా అని నాలుగు మెట్లు. మేమింకా మొదటి మెట్టు మీదే ఉన్నాం. రెండోదానికి పరీక్ష పెట్టొచ్చు, అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమేనని, బలవంతం మీద ఇస్తే 7 రోజుల్లో ఫిర్యాదు చేయాలని గడగడా చెప్పేస్తారు. పాసుపుస్తకం కోసం వచ్చిన రైతు జేబులోంచి మడిచిన నోటు తీస్తే వద్దనడం మాత్రం వేరే సంగతి.

అసలు చిక్కు ఫిర్యాదులతో. ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ఫిర్యాదు నంబరు బోర్డు ట్రైనింగ్ తర్వాతే మా గోడకెక్కింది. ఇప్పుడు ఫిర్యాదులు పెరిగితే తప్పులు పెరిగినట్టా, జనానికి ధైర్యం వచ్చినట్టా? పక్క మండలంలో ట్రైనింగ్ ఇంకా అవ్వలేదు, వాళ్లతో పోల్చొచ్చా? లేక దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక రైతులు తీరిగ్గా ఉన్నప్పుడు, పేర్లు రాసుకోకుండా, బయటివాళ్లతో అడిగించాలా? ఇలాంటివి చేసినవాళ్లుంటే మీరు ఏమేం అడిగారో ఆ ప్రశ్నలు పెట్టినా చాలండీ. నెలాఖరుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.