1846లో మెక్సికోతో యుద్ధం మొదలుపెట్టింది ఎవరు? రెండు నదుల మధ్య నేల ఎవరిది?

డాలస్ నాన్న:
మావాడు ఏడో క్లాసు, ఈ ఏడాది స్కూల్లో టెక్సాస్ చరిత్ర. నిన్న రాత్రి అన్నం తింటూ "నాన్నా, మెక్సికో వాళ్లు అమెరికా నేల మీదికొచ్చి సైనికుల్ని చంపారు, అందుకే యుద్ధం వచ్చింది" అన్నాడు. మ్యాప్ తీసి చూస్తే నుయేసెస్ అని ఒక నది ఉంది, దానికి బాగా దక్షిణాన రియో గ్రాండే, మధ్యలో బోలెడు జాగా. కాల్పులు జరిగింది ఆ కింది నది ఒడ్డున. మరి ఆ నేల అప్పటికి ఎవరిది? పిల్లాడికి తప్పు చెప్పడం ఇష్టం లేదు, తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పాతమ్యాపులు:
గొడవంతా ఆ మధ్య జాగాదేనండి. టెక్సాస్ మెక్సికో కింద ఉన్న రోజుల్లో దాని దక్షిణ హద్దు నుయేసెస్. 1836లో టెక్సాస్ వాళ్లు తిరగబడి, శాన్ హసింటో దగ్గర మెక్సికో అధ్యక్షుడు శాంటా అన్నాని పట్టుకుని, మీ సైన్యం రియో గ్రాండే అవతలికి పోవాలని ఆయన చేత సంతకం పెట్టించారు. బందీ చేత పెట్టించిన సంతకం కదా, మెక్సికో ఒప్పుకోలేదు. టెక్సాస్ మాత్రం అదే మా హద్దు అని చట్టం చేసుకుంది, కానీ ఆ మధ్య నేలను నిజంగా ఏలింది లేదు.

1845లో అమెరికా టెక్సాస్‌ను కలుపుకుంది. అధ్యక్షుడు పోల్క్ కన్ను కాలిఫోర్నియా మీద ఉంది. కొంటామని స్లైడెల్ అనే దూతను పంపితే మెక్సికో ఆయన్ని కలవనే లేదు. దాంతో జనరల్ టేలర్ సైన్యాన్ని రియో గ్రాండే దాకా నడిపించి, అవతలి ఒడ్డున ఉన్న మాటమోరోస్ ఊరికి ఎదురుగా కోట కట్టించాడు. ఇది కయ్యానికి కాలు దువ్వడమే. ఏప్రిల్ 25న మెక్సికో గుర్రపు దళం ఒక అమెరికా గస్తీ మీద పడి 11 మందిని చంపింది.

మీవాడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. మే 9న పోల్క్ తన మంత్రులతో కూర్చుని, ఈ కాల్పుల సంగతి ఇంకా తెలియకముందే, యుద్ధం ప్రకటించమని కాంగ్రెస్‌ను, అంటే అమెరికా పార్లమెంటును, అడుగుదామని నిర్ణయించాడు. వార్త ఆ సాయంత్రం వచ్చింది. 11న కాంగ్రెస్‌కు రాసేటప్పుడు మాత్రం అమెరికా నేల మీద అమెరికా రక్తం చిందించారని రాశాడు. ప్రతినిధుల సభలో 174-14, సెనేట్‌లో 40-2, 13వ తేదీకల్లా యుద్ధం ప్రకటించేశారు.

శాన్ఆంటోనియో_శ్రీను:
అన్నా, మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ తప్పంతా పోల్క్ నెత్తిన వేస్తే కుదరదు. మెక్సికో టెక్సాస్‌ను వేరే దేశంగా ఏనాడూ గుర్తించలేదు, 1842లో రెండుసార్లు సైన్యం వచ్చి మేముండే శాన్ ఆంటోనియోని పట్టుకుంది. మాట్లాడుకుందామన్న మెక్సికో అధ్యక్షుడు ఎర్రేరాను జనరల్ పరేదెస్ దించేశాడు, ఆ పరేదెస్ కూడా ఏప్రిల్ 23నే, అంటే గస్తీ మీద దాడికి రెండ్రోజుల ముందే, రక్షణ యుద్ధం అని ప్రకటించాడు. ఇంకోటి, 1829లో మెక్సికో బానిసత్వం రద్దు చేసింది, టెక్సాస్‌కు వలస వచ్చినవాళ్లలో చాలామంది బానిసలతో పత్తి పండించేవాళ్లు. తిరుగుబాటుకు అదొక పెద్ద కారణం. ఆ మాట పిల్లలకు చెప్పకపోతే కథ సగమే తెలుస్తుంది.

వాలీ అక్క:
బ్రౌన్స్‌విల్ దగ్గర పాలో ఆల్టో యుద్ధభూమిని పార్కుగా ఉంచారు, పిల్లాణ్ణి తీసుకెళ్లండి. చెట్టూ చేమా పెద్దగా ఉండవు, మోకాళ్ల దాకా ముళ్లలాంటి బిరుసు గడ్డి, సముద్రం గాలి. 1846 మే 8న ఫిరంగుల మంటకు ఆ గడ్డే అంటుకుని, పొగలో ఎవరికెవరూ కనపడక కాసేపు కాల్పులు ఆపేశారు. అక్కడ నిలబడి అదంతా తలుచుకుంటే నాకు నోట మాట రాలేదు. యులిసిస్ గ్రాంట్ కుర్ర లెఫ్టినెంట్‌గా మొదటిసారి పోరాడింది ఇక్కడే. తర్వాత అధ్యక్షుడై కూడా, బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన మహా అన్యాయమైన యుద్ధాల్లో ఇదొకటని తన ఆత్మకథలో రాశాడు. లింకన్ కూడా కొత్తగా కాంగ్రెస్‌కు వచ్చి, రక్తం చిందిన ఆ చోటు ఎవరిదో చూపించమని 1847 డిసెంబర్‌లో పోల్క్‌ని నిలదీశాడు. మీరు అడిగింది అదే ప్రశ్న.

డాలస్ నాన్న:
అందరికీ చాలా థాంక్స్. మే 9 సంగతి చెప్తే మావాడు అన్నం తినడం ఆపేసి చూశాడు. మరి యుద్ధం అయ్యాక ఆ జాగాలో ఉన్న మనుషులు ఏమయ్యారు? హద్దు గొడవ అంతటితో తీరిందా?

పాతమ్యాపులు:
1848 ఫిబ్రవరి 2న గ్వాడలూపే ఇడాల్గోలో ఒప్పందం జరిగింది. టెక్సాస్‌తో కలిపి లెక్కేస్తే మెక్సికో సగానికి పైగా నేల పోగొట్టుకుంది, చేతికొచ్చింది కోటిన్నర డాలర్లు. కాలిఫోర్నియాలో బంగారం దొరికి అప్పటికి తొమ్మిది రోజులు, సంతకాలు పెట్టినవాళ్లకు ఆ సంగతి తెలీదు. ఆ పోయిన నేలలో ఉన్న మెక్సికన్లకు ఏడాది గడువిచ్చి, ఏ దేశ పౌరులుగా ఉంటారో తేల్చుకోమన్నారు, ఎక్కువమంది కదల్లేదు. పాత భూమి పట్టాలు చెల్లుతాయన్న పదో అధికరణాన్ని అమెరికా సెనేట్ కొట్టేసింది. 1851 చట్టంతో కాలిఫోర్నియాలో ఎవరి భూమి వాళ్లదేనని కమిషన్ ముందు రుజువు చేసుకోవాల్సొచ్చింది. ఏళ్ల తరబడి కేసులు, గెలిచినా లాయర్ ఫీజులకే భూమి అమ్ముకున్నవాళ్లు ఎంతోమంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

హద్దంటారా, రియో గ్రాండే నడిమధ్య అని రాసుకున్నారు, నది ఊరుకుంటుందా. గోదావరి లంకల్లో వాళ్లకు చెప్పక్కర్లేదు, వరదొస్తే ఈ ఒడ్డు మట్టి కోసుకుపోయి ఆ ఒడ్డున మేటేస్తుంది. 1864 వరదలకు ఎల్ పాసో దగ్గర నది దక్షిణానికి జరిగి, చమిసాల్ అనే ముక్క అమెరికా వైపు వచ్చేసింది. దాని మీద తగాదా 1963 ఒప్పందం దాకా సాగింది. చివరికి అందులో చాలా భాగం మెక్సికోకు తిరిగిచ్చేయడంతో ఎల్ పాసో వైపు వేలమంది ఇళ్లు ఖాళీ చేశారు, నది మళ్లీ జరక్కుండా కాంక్రీటు కాలువ కట్టి అందులోకి మళ్లించారు.