రెండో కంటి కాటరాక్ట్ క్లెయిమ్‌కి సీఓ-97 డినయల్, 66982 మీద కూడా డౌట్

కొత్తకోడర్:
అందరికీ నమస్తే. రేడియాలజీ నుంచి ఈమధ్యే ఆప్తాల్మాలజీ కోడింగ్‌కి మారాను, ఈ గ్లోబల్ పీరియడ్ (సర్జరీ తర్వాతి ఫాలోఅప్ కూడా ఆ సర్జరీ ఫీజులోనే కలిసిపోయే కాలం) గొడవ అక్కడ పెద్దగా ఉండేది కాదు. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) పేషెంట్, కుడి కంటి కాటరాక్ట్ సర్జరీకి 66984-ఆర్‌టీ (మామూలు కాటరాక్ట్ సర్జరీ కోడ్, ఆర్‌టీ అంటే కుడి) వెళ్లింది, పేమెంట్ వచ్చింది. నెలలోపే అదే సర్జన్ ఎడమ కంటికి చేస్తే 66984-ఎల్‌టీ (ఎడమ) పంపారు, సీఓ-97తో (దీని డబ్బు వేరే సర్వీస్ పేమెంట్‌లోనే కలిసి ఉందనే కారణంతో) తిరిగొచ్చింది. కన్నే వేరైనప్పుడు ముందు సర్జరీలో ఎలా కలిపేస్తారు? పైగా ఎడమ కంటి ఆప్ నోట్‌లో (సర్జరీ రిపోర్ట్) పైన "కాంప్లెక్స్ కాటరాక్ట్" అని ఉంది, మరి కాంప్లెక్స్ సర్జరీ కోడ్ 66982 వెయ్యాలా? లీడ్‌ని అడిగితే చూద్దాం అంటున్నారు, టైమ్లీ ఫైలింగ్ టెన్షన్ మాత్రం నాకే.

క్లెయిమ్‌రాయుడు:
79 మోడిఫయర్ (గ్లోబల్‌లో ఉండగా అదే సర్జన్ చేసినా, ముందు సర్జరీతో సంబంధం లేని ప్రొసీజర్ అని చెప్పేది) లేదు కదండీ, అదే సంగతి. 66984కి 90 రోజుల గ్లోబల్. ముందు రోజు, సర్జరీ రోజు కూడా కలిపితే 92. ఆ లోపల అదే సర్జన్ ఏం చేసినా సిస్టమ్ పాత సర్జరీ ఖాతాలోకే లాగేస్తుంది, ఎల్‌టీ ఒక్కటే చూసి వదలదు. 66984-79-ఎల్‌టీ వెయ్యండి, 79 ముందు రావాలి. డయాగ్నసిస్ కూడా ఓసారి చూడండి, న్యూక్లియర్ కాటరాక్ట్ అయితే ఎడమకి హెచ్25.12. పాత క్లెయిమ్ నుంచి హెచ్25.11 కాపీ అయితే మళ్లీ తిరిగొస్తుంది. దీన్ని కొత్త క్లెయిమ్‌గా పంపకండి, డూప్లికేట్ అంటారు. రీఓపెనింగ్ (పాత క్లెయిమ్‌నే తెరిచి సరిదిద్దడం) అడగండి. మెడికేర్‌లో ఫైలింగ్‌కి సర్వీస్ తేదీ నుంచి ఏడాది టైమ్ ఉంది, కంగారు వద్దు.

రెటీనాడెస్క్:
హెడింగ్‌లో కాంప్లెక్స్ అని రాస్తే 66982 అయిపోదు, ఆడిట్‌లో మొదట పట్టుకునేది ఇదే. నోట్ లోపల ఏం చేశారో చదవండి. కంటిపాప చిన్నగా ఉందని దాన్ని తెరిచి ఉంచే మల్యూగిన్ రింగో ఐరిస్ హుక్సో వాడారా, లెన్స్ నిలబడటానికి కుట్లు వేశారా, అలాంటిది కనపడాలి, ఎందుకు అవసరమైందో కూడా రాసి ఉండాలి. కాటరాక్ట్ గట్టిగా ఉంది, టైమ్ ఎక్కువ పట్టింది అంటే సరిపోదు. మధ్యలో క్యాప్సూల్ (లెన్స్ చుట్టూ ఉండే పొర) చిరిగి విట్రెక్టమీ (కంట్లోని జెల్లీ తీయడం) చేయాల్సి వచ్చినా అది కాంప్లికేషనే గానీ కాంప్లెక్స్ కాదు, చాలామంది ఈ రెండూ కలిపేస్తారు.

కొత్తకోడర్:
థాంక్యూ ఇద్దరికీ. నోట్ మొత్తం చదివా, రింగ్ లేదు, హుక్స్ లేవు, "డెన్స్" అని మాత్రమే ఉంది, కాబట్టి 66984తోనే వెళ్తున్నా. ఇదే పేషెంట్ కుడి కంటికి యాగ్ లేజర్ (కాటరాక్ట్ సర్జరీ తర్వాత లెన్స్ వెనక పొర మసకబారితే చేసేది) షెడ్యూల్ అయింది, 66821, 90 రోజులు ఇంకా దాటలేదు. దానికీ 79యేనా?

రెటీనాడెస్క్:
కాదు. అదే కన్ను, అదే సర్జరీ తాలూకు సమస్య, కాబట్టి 78-ఆర్‌టీ (78 అంటే ముందు సర్జరీకి సంబంధించిన సమస్యతో మళ్లీ ఆపరేటింగ్ రూమ్‌కి వెళ్లడం). మెడికేర్ లెక్కలో లేజర్ సూట్ కూడా ఆపరేటింగ్ రూమ్ కిందకే వస్తుంది కాబట్టి 78 చెల్లుతుంది. కాకపోతే సర్జరీ భాగానికే డబ్బులిస్తారు, కొత్త గ్లోబల్ కూడా మొదలవదు. ఇంత తొందరగా యాగ్ ఎందుకు అని అడుగుతారు, చూపు ఎంత తగ్గిందో, రోజువారీ పనులకి ఏం ఇబ్బందో నోట్‌లో రాయమని షెడ్యూల్ తేదీకి ముందే డాక్టర్ గారికి చెప్పండి.