చెల్లి నవ్వడం మానేసింది, ఎలా మాట్లాడాలి?

మా ఇంట్లో "చంపేస్తా", "కాళ్లు విరగ్గొడతా" అనడం మామూలే. అన్నం తినకపోతే అమ్మమ్మా అలాగే అంటుంది, ఎవరూ భయపడరు. కానీ మా చెల్లి భర్త ఆ మాట అంటే తను నవ్వు ఆపేసి అతని చేతుల వైపు చూస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తన మోచేతి పైన కమిలిన మచ్చ చూశాను. అడిగితే, "సరదాగా గిల్లాడక్కా, నేనంటే ప్రాణం" అంది. ఫోన్ కూడా అతని ముందే మాట్లాడుతుంది.

2005 గృహహింస చట్టం కిందికి కొట్టడమే కాదు, మాటలతో, మానసికంగా హింసించడం కూడా వస్తుందని తెలుసు. 181 మహిళా హెల్ప్‌లైన్, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉన్నాయనీ తెలుసు. తను ఒప్పుకోకుండా నేను ఫోన్ చేస్తే ముప్పు పెరుగుతుందేమోనని టెన్షన్. ఇలాంటివి దాటొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి: ఒంటరిగా దొరికినప్పుడు మాట ఎలా కదపాలి? ముందు 181కి నేనే ఫోన్ చేసి సలహా అడగొచ్చా?